పెట్టెలో పరగణా

పాత సామాను అమ్మే కొట్లలో అప్పుడప్పుడు ఒక పెట్టె కనిపిస్తుంటుంది. మూరెడు పొడవు, అందులో సగానికి కాస్త ఎక్కువ వెడల్పు, జానెడు ఎత్తు. పల్చటి ఇనుప రేకు, దాని మీద నల్లటి మెరుగు. మూత మధ్యలో అటూ ఇటూ వాలే ఇత్తడి పిడి. ముందువైపు తాళంచెవి దూరే కన్నం, దానికి ఓ చిన్న ఇత్తడి కప్పు. ఒక్కో పెట్టె మీద బంగారు రంగు అక్షరాల్లో సొంతదారు పేరో, ఎస్టేటు పేరో చెరిగీ చెరక్కుండా ఉంటుంది. చూసినవాళ్ళు చాలామంది నగల పెట్టె అనుకుంటారు. నగలు పెట్టుకునేదైతే ఇంత పల్చటి రేకుతో చెయ్యరు. ఇది కాగితాల పెట్టె. దస్తావేజుల పెట్టె. జమీందార్లు, జాగీర్దార్లు, దేశ్‌ముఖులు, వాళ్ళ దివాన్లు, వాళ్ళ వకీళ్ళు వాడినది.

ఇలాంటిది చేతికొచ్చినప్పుడు చాలామంది ముందు చేసే పని లోపలి కాగితాలు దులిపెయ్యడం. తర్వాత బూడిదో చింతపండో పెట్టి పిడిని తళతళలాడేట్టు తోమడం. పెట్టె హాల్లో టీవీ కిందకు చేరుతుంది, కాగితాలు కిలోల లెక్కన పోతాయి. ఆ పెట్టె సొంతదారు ఈ బేరం చూస్తే ఏమనుకునేవాడో! ఆయన దృష్టిలో పెట్టె పోతే ఇంకో పెట్టె వస్తుంది. కాగితం పోతే పరగణా పోతుంది.

ఆ పెట్టె గురించీ, అలాంటి పెట్టెను తలాపున పెట్టుకుని బతికిన మన వైపు దొరల గురించీ, ఖమ్మం జిల్లా కల్లూరు నుంచి భద్రాచలం దాకా సాగే ఈ అడవి అంచు నేల గురించీ ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు రేకు సంగతి. చెదల గురించి మన శ్రోతలకు నేను చెప్పక్కర్లేదు. రాత్రి గోడ వార పెట్టిన మూట పొద్దునకు మట్టి గీతలు పడి ఉంటుంది. టేకు భోషాణమైతే కొంత ఆగుతుంది. మామూలు చెక్కయితే నాలుగు వానాకాలాలు నిలవడం కష్టం. గోదారి పక్క ఊళ్ళకైతే వరద బాధ అదనం. అందుకే దస్త్రాలను ఎర్ర గుడ్డలో మూట కట్టి, వేపాకు, కర్పూరం వేసి, దూలానికి వేలాడదీసేవారు. ఈ నల్ల పెట్టె పుట్టిన ఇంగ్లాండులో వాళ్ళ బాధ చెమ్మ, తుప్పు. 18వ శతాబ్దంలో వుల్వర్‌హాంప్టన్, బిల్‌స్టన్ ఊళ్ళ పనివాళ్ళు ఇనుప రేకుకు తగరం పూత పూసి, దాని మీద తారు కలిపిన నల్ల వార్నిషు పట్టించి, పొయ్యిలో పెట్టి కాల్చి గట్టిపరిచే పని మీద బతికారు. జపాను లక్కపనిని చూసి చేసింది కాబట్టి దానికి జపానింగ్ అనే పేరొచ్చింది. లండను వకీళ్ళ గదుల్లో గోడ పొడుగునా ఈ నల్ల పెట్టెలే ఉండేవి. ఒక్కో పెట్టె మీద ఒక్కో ప్రభువుగారి పేరు. ఆ అలవాటు ఈస్టిండియా కంపెనీ కచేరీలతో పాటు మన దేశానికీ వచ్చింది. 1889లో బెజవాడ దాకా నిజాం రైలు నడిచాక ఇటు మధిర, ఖమ్మం వైపు సీమ సామాను చేరడం తేలికయింది. ఆ తర్వాత మన ఊళ్ళ రేకు పనివాళ్ళే ట్రంకు పెట్టెలు చెయ్యడం మొదలుపెట్టారు. ఇప్పుడు మన ఇళ్ళల్లో మంచాల కింద ఉండేవి ఆ పెట్టె మనవలే.

అంతకు చాలా ముందు మన రాజులు ఇంకో దారి పట్టారు. కాగితాన్ని లోహంలో దాచడం ఎందుకు, లోహం మీదే రాసేస్తే పోలా అన్నారు. అవే రాగి రేకులు, తామ్రశాసనాలు. మన కల్లూరుకు దక్షిణాన, నందిగామ దగ్గర మాగల్లు అనే ఊరుంది. తూర్పు చాళుక్య రాజు దానార్ణవుడు 956లో ఇచ్చిన రాగి రేకులు ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధి. కాకతీయుల తొలి తరాల వాళ్ళ పేర్లు తెలుసుకోవడానికి చరిత్రకారులు ఇప్పటికీ ఆ రేకులే తిరగేస్తారు. ఈ రేకులకు తాళం ఎలా వేశారో చూడండి. అన్ని రేకులకూ ఒకే చోట రంధ్రం పొడుస్తారు. అందులోంచి రాగి కడియం దూర్చి, కడియం రెండు కొసలూ కలిసేచోట రాజముద్ర బిగిస్తారు. చాళుక్యుల ముద్ర మీద వరాహం ఉంటుంది. ముద్ర పగలగొట్టకుండా మధ్యలో ఇంకో రేకు దూర్చడం గానీ, ఉన్న రేకు తియ్యడం గానీ కుదరదు. దొంగ దస్తావేజు భయం వెయ్యేళ్ళ కిందటే ఉందన్నమాట.

ఈ ప్రాంతంలో కాగితం మీద నమ్మకం ఎంత లోతుదో చెప్పడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ రామదాసు కథ. రామదాసు, అంటే నేలకొండపల్లి కంచెర్ల గోపన్న, పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు డబ్బుతో భద్రాద్రి గుడి కట్టించాడని గోల్కొండ ఖైదులో పడ్డాడు. కథలో రామలక్ష్మణులు అర్ధరాత్రి గోల్కొండ సుల్తాను తానీషా పడకగదికి వచ్చి ఆరు లక్షల మొహరీలు కుమ్మరిస్తారు. మనం అక్కడే చేతులు జోడిస్తాం, తర్వాతి ముక్క పట్టించుకోం. డబ్బు కట్టిన తర్వాత ఆ ఇద్దరూ ఊరికే వెళ్ళిపోరు. చెల్లు రసీదు అడుగుతారు! తానీషా చేత రాయించుకుని, ముద్ర వేయించుకుని, దాన్ని తీసుకెళ్ళి ఖైదులో గోపన్న తలగడ కింద పెడతారు. దేవుడైనా సరే, సర్కారుకు డబ్బు కడితే రసీదు లేకుండా కదలకూడదని ఈ కథ అల్లిన మన పూర్వులకు గట్టిగా తెలుసు. శిస్తు వసూళ్ళ మధ్య, తహసీలు కచేరీ మధ్య బతికినవాళ్ళు అల్లిన కథ అది.

గోపన్న పని చేసిన ఆ పాల్వంచ పరగణాయే తర్వాత పాల్వంచ సంస్థానంగా అశ్వారావుల ఇంటి చేతిలో ఉంది. అశ్వారావుపేట ఆ ఇంటి పేరు పెట్టుకున్న ఊరే. సవాయి అశ్వారావు బహద్దూర్ అని వాళ్ళ బిరుదు. నిజాముకు ఏటా పేష్కష్, అంటే కప్పం, కట్టి, తమ అడవిలో, తమ పల్లెల్లో తామే దొరలుగా ఉండేవాళ్ళు. గోదారికి ఈ ఒడ్డున పాల్వంచ, ఆ ఒడ్డున భద్రాచలం. నది వాళ్ళ ఇంటి మధ్యలో వసారా లాగా పారేది.

అలాంటి ఇంటి దస్తావేజుల పెట్టెలో ఏమేం ఉండాలి? నిజాం సర్కారు ఇచ్చిన సనదులు, అంటే హక్కు పత్రాలు, ఉండాలి. పేష్కష్ కట్టినందుకు ఏటేటా రసీదులు ఉండాలి. పర్వానాలు, సరిహద్దు తగాదాల మహజర్లు, రైతుల చేత రాయించుకున్న ముచ్చిలికలు, దత్తత కాగితాలు, పెళ్ళిళ్ళకు చేసిన అప్పుల రుక్కాలు ఉండాలి. 1880ల దాకా ఎక్కువ భాగం పారసీలో, ఆ తర్వాత ఉర్దూలో. ఇంతవరకూ ఏ సంస్థానం పెట్టె తెరిచినా ఇదే వరస. అశ్వారావుల పెట్టె వేరే దారి పట్టింది 1860లో.

ఆ ఏడు డిసెంబరులో నిజాం అఫ్జలుద్దౌలాకూ ఇంగ్లీషువాళ్ళకూ ఒడంబడిక జరిగింది. 1857 కల్లోలంలో నిజాం తమ పక్షాన నిలబడినందుకు ఇంగ్లీషువాళ్ళు రాయచూరు దోఆబు, నల్దుర్గం తిరిగి ఇచ్చేశారు, షోరాపూరు కొత్తగా ఇచ్చారు, యాభై లక్షల అప్పు కొట్టేశారు. బదులుగా వదులుకోమన్న నేల గోదారి ఎడమ ఒడ్డు. రేకపల్లి, భద్రాచలం, చర్ల, ఆల్బాక, నూగూరు, సిరొంచ తాలూకాలు. హైదరాబాదు దర్బారులో కూర్చుని చూస్తే ఇవి అడవులు, జ్వరాలు, దోమలు. ఇంగ్లీషువాళ్ళ కళ్ళకు మాత్రం నది కనిపించింది. గోదారి మీద ఎగువ దాకా పడవలు నడిపి నాగపురం, బీరారు పత్తిని సముద్రానికి చేర్చాలని ఇంజనీరు కాటన్ దొరగారి పథకం. దుమ్ముగూడెం ఆనకట్ట, లాకులు ఆ ఉత్సాహంలో పుట్టినవే. 1871కల్లా ఆ ఉత్సాహం చల్లారింది, పనులు ఆగిపోయాయి. పడవలు నడవలేదు గానీ సరిహద్దు మాత్రం ఉండిపోయింది.

అశ్వారావుల పరిస్థితి ఊహించండి. ఒక్క సంతకంతో వాళ్ళ జమీను రెండు రాజ్యాల పాలయింది. పాల్వంచ నిజాముది, భద్రాచలం విక్టోరియా రాణిది. వాళ్ళను ఎవరూ అడగలేదు. దొర అనేవాడు ఊళ్ళో ఎంత పెద్దవాడైనా, పైన ఇద్దరు పెద్దలు మాట్లాడుకుంటే ఆయన కూడా కాగితంలో ఒక ముక్క. ఆ రోజు నుంచి ఆ ఇంటి పెట్టెలో రెండు కట్టలు ఉండి తీరాలి. కుడి ఒడ్డు కట్ట మొదట పారసీలో, తర్వాత ఉర్దూలో, నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరాల్లో. ఎడమ ఒడ్డు కట్ట ఇంగ్లీషులో, క్రీస్తు సంవత్సరాల్లో. ఒక కట్టలో ధాన్యం పన్ను గురించి హైదరాబాదుకు రాసుకున్న అర్జీ ఉంటే, రెండో కట్టలో అడవి కలప గురించి ఇంగ్లీషు కలెక్టరుకు రాసుకున్న అర్జీ ఉంటుంది. గుడి దేవుడికీ ఇదే తిప్పలు. రాముడు ఇంగ్లీషు గడ్డ మీద, ఆయనకు భరణం పంపే నిజాం ఆవలి ఒడ్డున.

అక్కడితో అయిపోలేదు. ఎడమ ఒడ్డు రేకపల్లినే తీసుకుందాం. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో అప్పర్ గోదావరి జిల్లా, సిరొంచ ముఖ్యపట్టణం. 1874లో మద్రాసు రాజధానికి, గోదావరి జిల్లాకు మారింది. 1925లో పశ్చిమ గోదావరి విడిపోయాక తూర్పు గోదావరి అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో పోలవరం ముంపు కారణంగా మళ్ళీ తూర్పు గోదావరికి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు. ఊరు అక్కడే ఉంది, శబరి నది అక్కడే పారుతోంది. పై సర్కారు, జిల్లా కచేరీ ఇన్నిసార్లు మారాయి. మారిన ప్రతిసారీ కొత్త కచేరీ గుమాస్తా అడిగే మొదటి మాట ఒక్కటే: పాత కాగితం ఉందా?

ఉన్నవాడు పెట్టె తెరిచాడు. దొరల బలం గడీ గోడల్లో, గుర్రాల్లో, లాఠీల్లో ఉందని మనం అనుకుంటాం. గోడలు కూలాయి, గుర్రాలు పోయాయి. ఒక సర్కారు పోయి ఇంకోటి వచ్చినప్పుడు, నిన్నటి సర్కారు ఏం ఒప్పుకుందో ఇవాళ్టి సర్కారుకు చూపించగలగడం, వాళ్ళ అసలు బలం అక్కడుంది. అది గుప్పెడు మందికే ఉండేది.

అందుకే తాళం మీద అంత శ్రద్ధ. ఇంగ్లాండులో 1817లో పోర్ట్స్‌మత్ రేవులో దొంగతనం జరిగితే, సర్కారు మారు తాళంచెవులకు లొంగని తాళం కావాలని ప్రకటించింది. జెరెమయా చబ్ 1818లో ఒకటి చేశాడు. దాని తమాషా ఏమిటంటే, ఎవరైనా దొంగ చెవితో తిప్పబోతే లోపల ఒక మీట పట్టేసుకుంటుంది. తర్వాత సొంతదారు తన చెవి పెట్టినప్పుడు తాళం తిరగదు. ఎవరో చెయ్యి పెట్టారని ఆయనకు తెలిసిపోతుంది. 1851లో లండను మహాప్రదర్శన సమయంలో హాబ్స్ అనే అమెరికా పనివాడు దాన్ని అందరి ముందూ తెరిచి చబ్ కంపెనీ పరువు తీశాడనుకోండి, అది వేరే కథ. మన దేశంలో అర్దేశిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల పని మొదలుపెట్టాడు. అయితే సంస్థానాల్లో దొరలకు భయం బయటి దొంగల గురించి కాదు. దాయాదులు, గుమాస్తాలు, ఒక్కోసారి సొంత దివాను. చబ్ తాళం లాంటిది కనిపెట్టింది దొంగను ఆపడానికే అయినా, అది ఎక్కువగా పనికొచ్చేది ఇంట్లోవాళ్ళను అనుమానించడానికే.

దివాన్లందరూ అలాంటివాళ్ళు కారు. మన కల్లూరుకు నైరుతిగా మునగాల ఉంది. అదో విచిత్రమైన పరగణా. చుట్టూ నాలుగు వైపులా నిజాం రాజ్యం, మధ్యలో ఇది మాత్రం ఇంగ్లీషువాళ్ళ కృష్ణా జిల్లా, నందిగామ తాలూకా. దాని రాజా నాయని వెంకటరంగారావు బహద్దూర్. ఆయన దివాను కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టి, అక్క బండారు అచ్చమాంబ దగ్గర పెరిగి, నాగపురంలో చదువుకున్న మనిషి. సంస్థానం వ్యవహారాలు, వ్యాజ్యాలు చూసుకుంటూనే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టించడంలో ముందున్నాడు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలుపెట్టాడు. ఈ రెంటికీ మునగాల రాజా అండ ఉంది. పగలు దివానుగా దస్తావేజులు తిరగేసి, మిగిలిన పొద్దు చరిత్రకారుడిగా శాసనాలు తిరగేసిన మనిషి ఆయన. కాగితం మీద ఎవరి ముద్ర ఉంది, ఏ తేదీ ఉంది, సాక్షులెవరు అని వ్యాజ్యంలో అడిగే ప్రశ్నలే చరిత్రలోనూ అడగాలి. మన తెలుగు చరిత్ర రచనకు ఆ కోర్టు పక్షి చూపు ఇచ్చినవాళ్ళలో కొమర్రాజు ఒకరని నా అభిప్రాయం.

అదే మునగాల రాజా మీద 1930లలో రైతులు తిరగబడ్డారు. వెట్టి, అక్రమ వసూళ్ళు వాళ్ళ ఫిర్యాదు. గ్రంథాలయాలకు డబ్బిచ్చిన చెయ్యీ, వెట్టి చేయించుకున్న చెయ్యీ ఒకటే. రెంటిలో ఒకటి చెప్పి ఇంకోటి దాస్తే ఆ పెట్టెకు అన్యాయం చేసినట్టే, ఎందుకంటే లోపల రెండు రకాల కాగితాలూ పక్కపక్కనే ఉంటాయి.

ఇంతవరకూ పెట్టె ఉన్నవాళ్ళ మాట. తల్లాడ దాటి ఏన్కూరు వైపు, లేదంటే దమ్మపేట, అశ్వారావుపేట వైపు వెళితే పెట్టె లేనివాళ్ళ నేల మొదలవుతుంది. కోయవాళ్ళు, కొండరెడ్లు. పోడు కొట్టుకున్న చెలకకు హద్దు ఏదంటే ఇప్పచెట్టు, వాగు, తాత సమాధి. రాసుకున్నది లేదు. గోదారి గట్టు కొండరెడ్ల గురించి హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1945లో ఇంగ్లీషులో ఓ పుస్తకం వేశాడు. కలప వ్యాపారుల దగ్గర వాళ్ళు అప్పుల్లో ఎలా కూరుకుపోయారో అందులో ఉంది. లెక్క వ్యాపారి దగ్గరే ఉండేది. అప్పు ఎంతో, తీరిందో లేదో చెప్పే కాగితం అప్పు తీసుకున్నవాడి చేతిలో ఉండేది కాదు. మైదానంలో కౌలురైతుదీ ఇంచుమించు ఇదే గతి. గడీలో కట్టిన దానికి రసీదు అడగడమంటే దొర మాట నమ్మలేదన్నట్టు. రామలక్ష్మణులకు ఉన్న ధైర్యం ఎంతమంది రైతులకు ఉంటుంది?

అందుకనే 1946 నుంచి 51 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలు గడీల్లో జొరబడినప్పుడు ధాన్యం గాదెలతో పాటు కాగితాల జోలికీ వెళ్ళాయి. ప్రామిసరీ నోట్లు, అప్పుపత్రాలు వాకిట్లో కుప్పబోసి నిప్పు పెట్టారు. చరిత్ర పరిశోధకుడికి అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నోటు మీద వేలిముద్ర వేసి తరాల తరబడి వెట్టి చేసినవాడికి మాత్రం ఆ మంటే చెల్లు రసీదు. నేను ఆ మంటను తప్పుపట్టలేను.

తర్వాత చట్టం వచ్చింది. 1949 ఆగస్టు 15న హైదరాబాదు రాజ్యంలో జాగీర్ల రద్దు అమల్లోకి వచ్చింది. ఆ చట్టం మీద 1358 ఫసలీ అని ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం దాదాపుగా వస్తుంది. సంస్థానాలూ అందులోనే పోయాయి. నది ఆవలి మద్రాసు వైపు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం అదే పని చేసింది. ఆ నల్ల పెట్టెలు ఆఖరిసారి దర్జాగా తెరుచుకున్నది అప్పుడే. నష్టపరిహారం కావాలంటే సనదులు, లెక్కలు సర్కారుకు చూపాలి కదా. పరిహారం అందాక సనదు ఉత్త కాగితమైపోయింది. పెట్టె అటకెక్కింది.

పెట్టె అటకెక్కినా ఆట ఆగలేదు. 1954, 55లో సర్కారు ఊరూరా ఎవరి పొలం ఎవరి సాగులో ఉందో రాయించింది. అదే ఖాస్రా పహాణీ. ఇవాళ్టికీ తెలంగాణలో భూమి తగాదా వస్తే వకీలు ముందు అడిగేది దాన్నే. ఆ తర్వాత పట్టా పాసుపుస్తకాలు వచ్చాయి, వాటికి 1971లో చట్టం చేశారు. ఊరి లెక్కలన్నీ పట్వారీ ఇంట్లో ఉండేవి. 1984 జనవరిలో పటేలు, పట్వారీ వ్యవస్థను ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసి, దస్త్రాలు హడావుడిగా స్వాధీనం చేసుకున్నారు. 2020 సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థ రద్దయినప్పుడూ అంతే, పొద్దుగూకేలోగా రికార్డులు అప్పజెప్పమన్నారు. అదే ఏడు అక్టోబరు 29న భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి. సర్కారు పెట్టె రేకు నుంచి కంప్యూటరుకు మారింది. చెవి ఎవరి దగ్గరుందన్న తగాదా మారలేదు.

మన కల్లూరు 2016లో రెవెన్యూ డివిజను అయింది. ఆర్డీవో కార్యాలయం ముందు చెట్టు నీడన కూర్చున్నవాళ్ళ చేతుల్లో సంచులు చూడండి. ప్లాస్టిక్ కవర్లో మడిచిన పాత పహాణీ నకలు, కౌలుదారు హక్కుకు సంబంధించిన 38-ఈ సర్టిఫికెట్టు, సాగరు ఎడమ కాలువకు పొలం పోయినప్పటి కాగితం, తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా. సాదాబైనామా అంటే పెట్టె లేనివాళ్ళ దస్తావేజు. స్టాంపు లేదు, రిజిస్ట్రీ లేదు, ఇద్దరు సాక్షులు, నాలుగు వేలిముద్రలు. సర్కారు ఎన్నిసార్లు క్రమబద్ధం చేస్తామన్నా ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి.

గిరిజన ఏజెన్సీలో మాత్రం చట్టం ఒక మంచి మలుపు తిరిగింది. 1959 భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. అదే జనం నోట వన్ ఆఫ్ సెవెంటీ. అందులో ఒక నియమం ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని ముందుగా అనుకోవాలి. కాదంటే కాదని నిరూపించుకునే భారం గిరిజనేతరుడిది. అంటే వందలేళ్ళుగా కోయవాడిని ‘నీ కాగితం ఏదీ?’ అని అడిగిన కచేరీ, ఎదుటివాడి వైపు తిరిగి ఆ ప్రశ్న అడగాలన్నమాట. అమలు ఎంత సవ్యంగా జరిగిందనేది వేరే ప్రసంగమంత కథ. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు వేసింది. దాని నియమాల్లో సాక్ష్యాల జాబితా చదివితే నాకు సంతోషం వేసింది. ఊరి పెద్దల మాటను రాసుకుంటే అదీ సాక్ష్యమే. పాత బావి, శ్మశానం, దేవుడి చోటు కూడా సాక్ష్యాలే. ఇప్పచెట్టు హద్దు, తాత సమాధి, ఇవి ఇన్నాళ్ళకు దస్తావేజులయ్యాయి. 2023లో మన రాష్ట్రంలో పోడు పట్టాలు పంచినప్పుడు, వాటిని తెచ్చుకున్నవాళ్ళు ఎక్కడ దాచుకున్నారంటారా? రేకు పెట్టెలోనే.

ఇక మీలో ఎవరి అటక మీదైనా ఆ నల్ల పెట్టె ఉంటే రెండు మూడు ముక్కలు చెప్పి ముగిస్తాను. తాళంచెవి పోయిందని మూత పగలగొట్టకండి. పాత తాళాల పని తెలిసిన మేస్త్రీ చేత తీయించండి. నల్ల మెరుగును చింతపండుతో తోమితే మెరుగు పోయి తుప్పు మొదలవుతుంది, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. లోపల కాగితం మడత పెళుసుగా ఉంటే బలవంతాన విప్పకండి, మడత దగ్గరే విరుగుతుంది. లక్క ముద్రలను ఎండకు పెట్టకండి, మెత్తబడి రూపు చెడతాయి. చిరిగినచోట సెల్లోటేపు అసలు వద్దు. దాని జిగురు కొన్నేళ్ళకు గోధుమరంగు మచ్చై అక్షరాలను తినేస్తుంది. ఏ కాగితం మీద ఏ కాగితం ఉందో ఆ వరస చెదరగొట్టకుండా ఫోన్లో ఫోటోలు తీసుకోండి. ఒక కట్టలో ఉన్నవి ఒక వ్యవహారానివే అయి ఉంటాయి. ఉర్దూ, పారసీ కాగితాలు చదవడం రాదని పారెయ్యకండి. కచేరీ గుమాస్తాలు రాసిన గొలుసు రాత, షికస్తా అంటారు, దాన్ని చదవగలిగినవాళ్ళు తగ్గిపోతున్నారు గానీ ఇంకా ఉన్నారు. హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర పురాతన పత్రాల భాండాగారం, అదే స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. నిజాం నాటి దఫ్తరే దీవానీయే అది. వెళ్ళేటప్పుడు అసలు కాగితాలు ఇంట్లో పెట్టి ముందు ఫోటోలు పట్టుకెళ్ళండి. అసలువి ఇవ్వాలని నిర్ణయించుకుంటే మాత్రం, ఇచ్చినందుకు రసీదు తీసుకోండి.